రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య

పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి టీకాల ఉష్ణోగ్రత చూసి రాయాలి. అది ఆసుపత్రి నియమం. మందుల గది గోడ మీద ఎర్ర అక్షరాల కాగితం అంటించి ఉంది. రెండు డిగ్రీలకి తగ్గితే మందు గడ్డకట్టి పాడవుతుంది, ఎనిమిది దాటితే వేడెక్కి పాడవుతుంది.

మందుల గది చూసే స్టోరాయన ఈ విషయంలో మహా నిక్కచ్చి మనిషి. గది తాళం తీసి, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మూలనున్న స్టూలు దగ్గరికి వెళ్ళేవాడు. స్టూలు మీద చల్లమ్మ కూర్చుని ఉండేది. ఆమె ఒళ్ళో టీకాల పెట్టె. మూత తీసి, లోపలున్న థర్మామీటరు వెలుతురులోకి పట్టి, "అయిదున్నర. భేష్!" అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టేవాడు. ఆ పేజీ పైన 'ఫ్రిజ్ నెంబరు ఒకటి' అని అచ్చువేసి ఉండేది. ఫ్రిజ్ నెంబరు ఒకటి ఎప్పుడో మోటారు కాలి చచ్చింది. దాన్ని వరండాలో గోడవారకి నెట్టేశారు. అందులో నర్సులు చెప్పులు పెట్టుకునేవాళ్ళు.

చల్లమ్మ అక్కడ ఆయా. గదులు ఊడవడం, తుడవడం, మంచాల మీద గుడ్డలు మార్చడం ఆమె పని. వయసు ముప్ఫై ఎనిమిది. ఒక వేసవిలో ఆమెకి చలి పట్టుకుంది. మొదట చేతులు చల్లబడ్డాయి, తర్వాత పాదాలు, ఆ తర్వాత ఆమె చుట్టూ ఉన్న గాలి. ఆమె మోసుకొచ్చిన బిందెలో నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. ఆమె తుడిచిన గదిలో కిటికీ అద్దాలకి కాసేపు చెమ్మ పట్టేది. దానికి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఒకరికి పాట వస్తుంది, ఒకరికి ఈత వస్తుంది, ఈమెకి చల్లదనం వచ్చింది, అంతే. చల్లమ్మ అని అందరూ పిలవడం మొదలైంది కూడా అప్పుడే.

ఫ్రిజ్ మోటారు కాలిన రోజున స్టోరాయన టీకాల పెట్టె పట్టుకుని కాలుకాలిన పిల్లిలా వరండా అంతా తిరిగాడు. ఆ తిరగడంలో అతని కళ్ళు చల్లమ్మ మీద పడ్డాయి.

"చల్లమ్మా, ఇలా వచ్చి కాస్త కూర్చో. కొత్త ఫ్రిజ్ కోసం పైకి రాశాం. వచ్చేదాకానే."

ఆ 'కాస్త' పద్నాలుగు నెలలు సాగింది.

ఆమె ఏదో హాయిగా కూర్చుందనుకునేరు. ఊడ్చే పని ఊడ్చేదే, తుడిచే పని తుడిచేదే. పొద్దున రీడింగు కాగానే పెట్టెని గుడ్డతో నడుముకి కట్టుకుని పని చేసేది. సాయంత్రం రీడింగు కాగానే దాన్నే ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కేది. ఆదివారాలు పెట్టెతోనే, పండగలు పెట్టెతోనే. చెల్లెలి పురుడుకి నాలుగు రోజులు సెలవడిగితే స్టోరాయన నవ్వాడు. "ఫ్రిజ్‌కి సెలవుంటుందా చల్లమ్మా?" అన్నాడు. అతను దాన్ని జోకనుకున్నాడు. చల్లమ్మ కూడా నవ్వింది, కాకపోతే చాలాసేపయ్యాక. ఆ రోజుల్లో ఆమెతో పొద్దున జోకేస్తే మధ్యాహ్నానికి నవ్వేది. ఎందుకు నవ్వుతోందో అప్పటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. చల్లమ్మ అడిగింది. మూడుసార్లు అడిగింది. ఆ ఆసుపత్రికి పెద్ద డాక్టరున్నాడు, ఆయన రోజూ ఆ గదిలోకి వస్తాడు, పెట్టె మూత తీసి చూస్తాడు. మొదటిసారి ఆయన పెట్టె చూస్తుండగానే అడిగింది.

"డాక్టరు గారూ, ఒంట్లో ఓపికుండట్లేదండీ. ఎంత పడుకున్నా నిద్ర తీరట్లేదు."

"వయసొస్తోంది కదమ్మా."

ముప్ఫై ఎనిమిదికి వయసొచ్చిందట! ఆయనకి యాభై ఆరు. రోజూ సాయంత్రం షటిల్ ఆడతాడు.

రెండోసారి, జుట్టు చేతికి ఊడొస్తోందనీ, గొంతు బొంగురుపోయిందనీ, చర్మం బీటలు తీస్తోందనీ, వారానికోసారి కూడా కడుపు ఖాళీ అవట్లేదనీ చెప్పింది. ఆయన నీళ్ళు బాగా తాగమన్నాడు. మూడోసారి, "తిండి సయించట్లేదండీ, ఒళ్ళు మాత్రం బరువెక్కిపోతోంది" అంది. ఆయన పెట్టె మూత వేస్తూ, "అందరూ ఇదే మాట చెప్తారు. నోరు కట్టుకో, రోజూ నడు" అన్నాడు. బస్సు దిగి పెట్టె మోసుకుంటూ ఆమె రోజూ మైలు దూరం నడిచే వస్తోంది. చెబుదామనుకుంది. మాట కూడబలుక్కునేలోపు ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె ముఖం ఉబ్బింది. కనుబొమలు చివర్లలో ఊడిపోయి సగం సగమే మిగిలాయి. పద్నాలుగు నెలలు ఆ ముఖానికి మూరెడు దూరంలో నిలబడి ఆయన పెట్టెనే చూశాడు. దీపం కిందే చీకటి ఉంటుందని ఊరికే అనలేదు. కానీ దీపానికి కళ్ళుండవు కాబట్టి దాన్ని క్షమించవచ్చు.

ఇక దుప్పటి సంగతి. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పాలి.

మూడో నెలలో చలికి తట్టుకోలేక చల్లమ్మ ఒక దుప్పటి అడిగింది. వార్డులో బీరువా నిండా దుప్పట్లున్నాయి. ఉతికేది ఆమే, మడతపెట్టేది ఆమే. అయినా అడిగి తీసుకోవాలని అడిగింది. స్టోరాయన గోడ మీద కాగితం చూపించాడు. "కప్పితే రీడింగు పెరిగిపోదూ? ఎనిమిది దాటితే నా ఉద్యోగానికే ఎసరు" అన్నాడు. ఆమె సరేనంది. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాళ్ళని చూస్తే లోకానికి మొత్తబుద్ధి పుడుతుంది.

పదమూడో నెలలో ఒకరోజు రీడింగు రెండు పాయింటు ఒకటికి దిగింది. స్టోరాయన రిజిస్టరు అక్కడే పడేశాడు. ఇంకో పాయింటు దిగితే టీకాలన్నీ గడ్డకట్టి పాడైపోతాయి. వార్డులోకి పరుగెత్తి దళసరి దుప్పటి తెచ్చి, స్వయంగా ఆమె భుజాల చుట్టూ కప్పి, మెడ దగ్గర పిన్నీసు పెట్టాడు. చల్లమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీ మేలు మర్చిపోలేను సార్," అంది.

అతను ఆ మాట ఉంచేసుకున్నాడు. నీ కోసం కాదమ్మా, టీకాల కోసం కప్పానని చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

ఇంట్లో సంగతీ అంతే. చల్లమ్మ భర్త వెల్డింగు పని చేస్తాడు. నిప్పురవ్వలకి కాలిన చేతులతో ఇంటికొచ్చి, ఆమె అరచేతుల్లో చేతులు పెట్టి "హమ్మయ్య" అనేవాడు. చెడ్డవాడు కాడు. ఆ చేతులెందుకంత చల్లగా ఉన్నాయని అడగాలని తోచలేదు, అంతే. అత్తగారు పాలగిన్నె, కూరగాయల సంచి ఆమె మంచం పక్కన సర్దేది. ఇక ఇంట్లో ఫ్రిజ్ దేనికని దాన్ని ఆడపడుచుకి పంపించేశారు. అయినా కోడలు పొద్దున ఆలస్యంగా లేస్తే అత్తగారి నోరు ఊరుకునేది కాదు. "బద్ధకానికి బంధువులా దొరికావే నాకు! కూర్చుని కూర్చుని ఎలా ఊరావో చూసుకో," అనేది. అంటూనే మంచం పక్కనున్న పాలగిన్నె తీసుకెళ్ళేది.

పద్నాలుగో నెల చివర్లో, చెప్పాపెట్టకుండా తనిఖీ డాక్టరమ్మ దిగింది. ఊళ్ళన్నీ తిరిగి ఆసుపత్రుల్లో టీకాలు సరిగ్గా దాచారో లేదో చూడడం ఆవిడ ఉద్యోగం. రిటైరవడానికి రెండేళ్ళుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు, ఎవరిచ్చిన మంచినీళ్ళూ తాగదు. జీపు చప్పుడు వినగానే నర్సులు చచ్చిన ఫ్రిజ్‌లోంచి చెప్పులు తీసి తలోదిక్కూ పరుగెత్తారు.

స్టోరాయన మాత్రం జంకలేదు. ఆ రిజిస్టరు మీద అతనికంత నమ్మకం. తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పెద్ద డాక్టరు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆవిడ చివరి పేజీ చూసి మూసేస్తుందనుకున్నాడు. ఆవిడ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ పైకే చదివింది.

"ఏడున్నర. ఏడు. ఆరున్నర. అయిదున్నర. నాలుగు. మూడు. రెండు పాయింటు ఒకటి... ఇక్కడ మళ్ళీ మూడయ్యింది. ఏం చేశారు?"

"దుప్పటి కప్పాం మేడమ్."

"ఫ్రిజ్‌కా?"

స్టోరాయన గొంతు సవరించుకున్నాడు. "ఫ్రిజ్ పాడైపోయింది మేడమ్. చల్లమ్మ ఉంది కదా. ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా ఎనిమిది దాటలేదు. కావాలంటే చూస్కోండి."

ఆవిడ లేచి మూలనున్న స్టూలు దగ్గరికి వెళ్ళింది. మనిషి చల్లదనంతో టీకాలు దాచారంటే ఆవిడకేమీ వింతనిపించలేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో చూసింది. పెట్టె తీసి కింద పెట్టింది. ఇంకో స్టూలు లాక్కుని చల్లమ్మకి ఎదురుగా కూర్చుని, మణికట్టు పట్టుకుని వాచీ చూసుకుంది.

"నాడి నిమిషానికి నలభై ఆరే," అంది, డాక్టరు వైపు చూడకుండానే.

తర్వాత నెలసరి గురించి అడిగింది, మతిమరుపు గురించి అడిగింది, నిద్ర గురించి అడిగింది. ప్రతి ప్రశ్నకీ జవాబు వచ్చేదాకా ఆగింది. అంతసేపు ఆమె మాట కోసం ఆగిన మనిషి ఈ మధ్య ఇంకొకరు లేరు. ఒక గుక్క నీళ్ళు మింగమని గొంతు మీద వేళ్ళు పెట్టి చూసింది. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మడమ వెనక చిన్న సుత్తితో తట్టింది. పాదం కదిలింది గానీ, మళ్ళీ మొదటి చోటికి రావడానికి దానికి మనసొప్పనట్టు మెల్లగా, చాలా మెల్లగా వచ్చింది.

"ఇది ఏం రిజిస్టరండీ?" అని డాక్టరుని అడిగింది.

"టీకాలది మేడమ్."

"కాదు. ఇది ఈవిడ కేసు షీటు. పద్నాలుగు నెలలు, రోజుకి రెండుసార్లు, మనిషి మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి లోతు కొలిచి సంతకం పెట్టారు మీరు."

డాక్టరు ముఖం ఎర్రబడింది. "ఆమె ఎప్పుడూ ఏమీ చెప్పలేదు మేడమ్. చెబితే చూడనా?"

"రక్తం తీయించండి. గుండెకి ఈసీజీ తీయించండి. ఇప్పుడే," అంది ఆవిడ. స్టోరాయన ఏదో నసిగాడు. టీకాలన్నీ పక్క ఆసుపత్రి ఫ్రిజ్‌కి పంపమని ఆవిడ కాగితం రాస్తోంది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అప్పుడు, ఆ మాటలన్నీ అయిపోయాక, చల్లమ్మ బొంగురు గొంతు వినిపించింది.

"చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను."

తనిఖీ డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, చల్లమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

రక్తం తీసే గది అక్కడికి పదకొండు అడుగులు. చల్లమ్మే రోజూ తుడుస్తుంది కాబట్టి ఆమెకి తెలుసు. మందుల గది గుమ్మం నుంచి ల్యాబు గుమ్మానికి పదకొండు అడుగులు. మిషను ఉంది, మందు ఉంది, పని లేక గోళ్ళకి రంగేసుకునే ల్యాబు అమ్మాయి ఉంది. పద్నాలుగు నెలల్లో ఆమెని ఆ పదకొండు అడుగులు నడిపించడానికి ఒక్కరికీ తీరలేదు.

"అక్కా, నీ రక్తం కూడా కదలనంటోంది," అంది ల్యాబు అమ్మాయి సిరంజి లాగుతూ. కాగితం రాగానే పరుగున తెచ్చింది.

తనిఖీ డాక్టరమ్మ దాన్ని చల్లమ్మ చేతిలోనే పెట్టి చూపించింది. "గొంతు దగ్గర ఒక చిన్న గ్రంథి ఉంటుందమ్మా, థైరాయిడ్ అంటారు. ఒళ్ళంతటికీ పొయ్యి రాజేసేది అదే. నీది ఆరిపోతోంది. అది ఆరిపోతుంటే తలలో ఉన్న ఇంకో గ్రంథి ఊరుకోదు. రాజెయ్యి, రాజెయ్యి అని కేకలేస్తుంది. ఆ కేకలెంత గట్టివో చెప్పేదే ఈ నంబరు. నాలుగైదు దాటకూడదు. నీది నూరు దాటింది."

చల్లమ్మ ఆ నంబరు చాలాసేపు చూసింది. "అంటే... నా ఒంట్లో ఎవరో అరుస్తూనే ఉన్నారా?"

"ఇన్ని నెలలూ."

"పట్టించుకోకపోతే ఏమయ్యేదండీ?"

ఆవిడ మాట దాచలేదు. "ఈ చలికాలం దాటేదానివి కాదు. ఒకరోజు పడుకుని ఇక లేచేదానివి కాదు."

మాత్రలు కందిగింజంత కూడా లేవు. గుండె మెల్లగా కొట్టుకుంటోంది కాబట్టి మొదట తక్కువ మోతాదు, తర్వాత పెంచుతామంది. పొద్దున లేవగానే పరగడుపున, ఉత్త నీళ్ళతో మింగాలి. గంట దాకా టీ వద్దు, పాలు వద్దు, తిండి వద్దు. రక్తం పట్టడానికిచ్చే ఇనుము మాత్రలుంటే మధ్యాహ్నం వేసుకోవాలి, రెండూ కలిపితే ఇది ఒంటపట్టదు. ఆరు వారాలకి మళ్ళీ రక్తపరీక్ష.

"ఎన్నాళ్ళు వేసుకోవాలండీ?"

"జీవితాంతం. రోజూ అన్నం తింటున్నావుగా, ఎన్నాళ్ళు తినాలని అడిగావా ఎప్పుడైనా? బాగున్నానని మానేశావో, మళ్ళీ ఈ స్టూలు మీదికే వస్తావు."

వెళ్ళేముందు ఆవిడ స్టూలుని కాలితో తన్నింది. అది వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆవిడ కుంటుకుంటూ జీపెక్కింది గానీ వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో వారంలో ఇంట్లో పాలు విరిగాయి. అత్తగారు గిన్నె పట్టుకుని నడింట్లో నిలబడింది. "మాత్రలు మింగి మనిషే మారిపోయింది! ఇలాగైతే సంసారం చేసినట్టే!" అని గోల పెట్టింది. ఆ సాయంత్రం భర్త కాలిన చేతులు ఆమె చేతుల్లో పెట్టి, చటుక్కున లాక్కున్నాడు. "వెచ్చగా ఉన్నాయే!" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. కుళాయి కింద చేతులు పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి వచ్చి, ఆసుపత్రి కాగితాలు ఇమ్మని అడిగి, మొదటిసారి మొత్తం చదివాడు. చదివి తల్లికి చెప్పాడు.

"ఈ చలికాలం దాటేది కాదటమ్మా."

అత్తగారు పాలగిన్నె కింద పెట్టింది. మర్నాడు తెల్లవారకముందే గ్లాసుడు నీళ్ళు, మాత్రల డబ్బా పట్టుకుని కోడలి మంచం పక్కన నిలబడింది.

"లే. మింగు."

"పాలు విరిగిపోతున్నాయి కదా అత్తయ్యా..."

"విరగనీ! పాలు విరిగితే ఇంకో చెంబు పోయించుకుంటాం. నువ్వు విరిగితే ఎక్కడ పోయించుకోవాలి? మింగవే!"

క్షమించమని ఆవిడ అడగలేదు. ఆవిడ పద్ధతి అది కాదు. గంట గడిచేదాకా గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో కాపలా కాసి, టీ వాసన పీల్చడానికి కూడా కోడల్ని రానివ్వలేదు. ఆ ఆదివారం కొడుకుని కూతురింటికి తరిమి ఫ్రిజ్ వెనక్కి తెప్పించింది. ఆడపడుచు అలిగింది. అలిగితే అలగనీ.

ఆరు వారాలకి నంబరు సగానికి దిగింది. మోతాదు పెంచారు. ఇంకో ఆరు వారాలకి ఇంకా దిగింది. చల్లమ్మ గొంతులో గరగర పోయింది. కనుబొమల చివర్లలో సన్నగా వెంట్రుకలు మొలిచాయి. ఒకరోజు భర్త జోకు పూర్తి చేయకముందే నవ్వేసింది, అతను బిత్తరపోయాడు.

ఒక మధ్యాహ్నం వార్డు బీరువాలో దుప్పట్లు సర్దుతుంటే, పిన్నీసు చిల్లులున్న దళసరి దుప్పటి చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని కాసేపు నిలబడింది. మూడో నెలలో తను అడిగింది, గోడ మీద కాగితం చూపించాడు. పదమూడో నెలలో తను అడగలేదు, పరుగెత్తుకుంటూ తెచ్చాడు. తను దణ్ణం పెట్టినంత పని చేసింది. అప్పుడొచ్చింది కోపం. జోకులకి సగం రోజు ఆలస్యంగా నవ్వే మనిషికి కోపం ఏడాది పైగా ఆలస్యంగా వచ్చింది. చెవులు వేడెక్కాయి. కోపానికి కూడా ఒంట్లో వేడి కావాలని ఆమెకి అప్పుడే తెలిసింది.

స్టోరాయనకి ఇదేమీ పట్టలేదు. అతని బాధ అతనిది. కొత్త ఫ్రిజ్ ఇంకా రాలేదు. టీకాలు వేసే రోజల్లా తనే బస్సులో పక్క ఆసుపత్రికి వెళ్ళి, ఐసుగడ్డల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎండలో తిరిగి రావాలి. ప్యాంటు తడుస్తోంది, తొడలు తిమ్మిరెక్కుతున్నాయి. "పెట్టె మోయడం ఎంత కష్టమో ఎవరికి తెలుస్తుందండీ!" అని అందరికీ చెప్పుకునేవాడు. చల్లమ్మకి కూడా చెప్పాడు. ఒకరోజు ఆమెని పక్కకి పిలిచాడు.

"చల్లమ్మా, ఇప్పుడు బానే ఉన్నావుగా. ఆ మాత్ర ఒక్క రెండు నెలలు ఆపితే మళ్ళీ ఆరేడుకి దిగుతావు. పసిపిల్లల ప్రాణాలమ్మా. నా కోసం కాదు."

పసిపిల్లల మాట ఎత్తేసరికి ఆమె మెత్తబడింది. "చూద్దాం లెండి," అంది. ఇంటికెళ్ళి రాత్రంతా ఆలోచించింది. ఒక్క రెండు నెలలే కదా, పిల్లల కోసమే కదా. పొద్దున అత్తగారు గ్లాసుతో వచ్చేసరికి మాత్ర అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. అత్తగారు ఏమీ అడగలేదు. నీళ్ళు ముఖానికంటా జరిపింది. చల్లమ్మ మింగింది. ఆ ఒక్క రోజుకి మింగింది. రేపటి సంగతి రేపు చూద్దామనుకుంది.

ఆ రోజే టీకాల రోజు. వరండా నిండా తల్లులు, ఏడుపులు. స్టోరాయన తెచ్చిన పెట్టెలో ఐసు అప్పుడే కరుగుతోంది. వరసలో ఒక నాయనమ్మ, ఆవిడ వెనక బాలింత కోడలు. నాయనమ్మ చేతుల్లో పద్దెనిమిది రోజుల పాప.

"మా బంగారుతల్లికి ఏడుపంటే ఏమిటో తెలీదండీ," అంటోంది నాయనమ్మ నలుగురికీ వినపడేలా. "పాల కోసం కూడా ఏడవదు. మేమే లేపి పట్టాలి. ఎంత బుద్ధిమంతురాలో! పక్కన పెట్టిన పాలసీసా సాయంత్రం దాకా చెడదు, చూడండి."

స్టోరాయన తల తిప్పాడు. పాప చెయ్యి పట్టుకుని చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది. జేబులోంచి థర్మామీటరు తీసి పాప పక్కలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.

"ఏడు డిగ్రీలు! భేష్! అమ్మా, ఈ పాపని రోజూ తీసుకురాగలరా? పెట్టె పక్కన పడుకోబెడతాం, అంతే. పాపకేం ఇబ్బంది ఉండదు."

"మా పాపకి అంత గొప్పా!" అని నాయనమ్మ మురిసిపోయింది.

బల్ల దగ్గర రాసుకుంటున్న పెద్ద డాక్టరు తలెత్తలేదు. "ఏడవని పిల్లేగా. ఎక్కడుంటే ఏం?" అన్నాడు.

చల్లమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని బకెట్లో పడేసి, చీరకొంగుకి చేతులు తుడుచుకుని, వచ్చి పాపని ఎత్తుకుంది. ఆమె చేతులిప్పుడు వెచ్చన. అందుకే ఆ చలి తెలిసింది. పాప ముఖం ఉబ్బి, పసుపు తిరిగి ఉంది. నాలుక పెదాల మధ్యకి వచ్చి ఉంది. కళ్ళు తెరిచి చల్లమ్మని చూసింది. ఆ చూపు కూడా ఆలస్యంగానే వచ్చింది. ఆ చలి ఎలా ఉంటుందో చల్లమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె స్టోరాయన చేతిలోంచి థర్మామీటరు లాక్కుంది.

"పక్కకి జరగండి," అంది.

"చల్లమ్మా, నువ్వేంటి..."

"జరగండి! కొలవడం తప్ప ఇంకేం చేతకాదా మీకు? నన్ను కొలిచారు. ఊరుకున్నాను. ఇప్పుడు చంటిపిల్లని కూడా కొలుస్తారా?" ఆ గొంతు గేటు దాకా వినపడింది. వరండాలో ఏడుస్తున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగారు. ఆమె డాక్టరు బల్ల ముందు నిలబడింది. "ఈ పాపకి రక్తపరీక్ష రాయండి. నాకు చేసిందే."

"నువ్వు ఆయావి. ఏ పరీక్ష రాయాలో నాకు నువ్వు చెప్పేదేంటి?"

"నా గురించి మూడుసార్లు చెప్పాను. మీరు నీళ్ళు తాగమన్నారు. ఇది నాలుగోసారి. రాయండి."

డాక్టరు ఆమె ముఖం చూశాడు. పెట్టె లేకుండా ఆ ముఖాన్ని ఆయన చూడడం అదే మొదటిసారేమో. కాగితం ముందుకి లాక్కుని రాశాడు.

పదకొండు అడుగులు. చల్లమ్మ ఏడింటిలో వెళ్ళింది. నాయనమ్మ, కోడలు వెనకే పరుగెత్తారు. ల్యాబు అమ్మాయి పాప మడమ తుడిచి సూది గుచ్చింది. పాప ఏడవలేదు. రక్తం బొట్లు తీసుకుంది, దూది పెట్టింది, పాప ఏడవలేదు. "చూశారా, ఎంత బుద్ధిమంతురాలో," అని నాయనమ్మ నోరు విప్పింది గానీ, కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. చల్లమ్మ పాప ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడింది. ఆలస్యమవుతుందంతే, లేకపోవడం కాదు, ఆమెకి తెలుసు. అందరూ అయిపోయిందనుకుని సర్దుకుంటుంటే, పాప పెదవి వంకర తిరిగింది. పిల్లి కూనలా, బొంగురుగా, ఒక చిన్న ఏడుపు వచ్చింది.

"వస్తోంది తల్లీ, వస్తోంది," అంది చల్లమ్మ.

కాగితం మీద నంబరు చూసి డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంకొన్ని నెలలు ఆ బుద్ధిమంతురాల్ని అలాగే మెచ్చుకుంటూ ఉంటే పాప ఒళ్ళు ఎదిగేది కాదు, బుద్ధి కూడా ఎదిగేది కాదు. ఆ మాట బాలింతకి ఆయనే చెప్పాల్సొచ్చింది. తలెత్తి, ముఖం చూసి, చెప్పాడు. మాత్ర నలిపి, చెంచాడు తల్లిపాలలో కలిపి రోజూ ఎలా పట్టాలో చల్లమ్మ చూపించింది.

మర్నాడు పొద్దున అత్తగారు గ్లాసుతో వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. చల్లమ్మ అప్పటికే మాత్ర మింగి, గంట ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చుంది.

రెండు నెలలకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. స్టోరాయన పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగింటికి దాని తలుపు తీసి రాసుకుంటున్నాడు. ఒక టీకాల రోజున వరండాలో చెవులు చిల్లులు పడేలా ఏడుపు. ఆ నాయనమ్మే, ఆ పాపే. పాప బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళూ చేతులూ ఆడిస్తూ నాయనమ్మ కళ్ళజోడు లాగిపారేసింది.

"ముందెంత బుద్ధిగా ఉండేదో," అంది నాయనమ్మ, చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోందమ్మా!"

స్టోరాయన మందుల గదిలోంచి తల బయటికి పెట్టాడు. "అబ్బబ్బ! ఎవరైనా ఆ పిల్లని ఊరుకోబెట్టండమ్మా!"

"ఎవరూ ఊరుకోబెట్టొద్దు," అంది చల్లమ్మ, గుడ్డ బకెట్లో ముంచి గట్టిగా పిండుతూ.

పాప గంటసేపు ఏడ్చింది.